పికప్ బండి మైలేజి – లాగ్‌బుక్కు చెప్పిన లెక్క

(ఆదోనిలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 ప్రాముఖ్యాన్ని, 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. బి.పి., షుగరుల గురించి డాక్టరుగారు చెప్పారు. ఇక నాకు మిగిలింది ఇరవై నిమిషాలు. ఈ వయసువాడు ఆధ్యాత్మికం మాట్లాడతాడని ఎదురుచూసినవారు మన్నించాలి. నేను చెప్పబోయేది పికప్ బండి తాగే డీజిలు గురించి.

నవ్వకండి. మన ఇళ్ళలో కొడుకో, అల్లుడో, తమ్ముడి కొడుకో పికప్ బండి తోలుతున్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అంతకన్నా ముఖ్యం, ఆ బండి అప్పు కాగితం మీద హామీ సంతకం పెట్టినవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. నెలనెలా వచ్చే పెన్షను ఉంది గనుక ఫైనాన్సువాడికి మన సంతకం అంటే ఇష్టం. కుర్రవాడు కంతు కట్టకపోతే ఫోను మనకే వస్తుంది. అందుచేత ఆ బండి లీటరుకు ఎంత నడుస్తుందన్నది మన పెన్షనుకు సంబంధించిన విషయమే.

2005లో టాటా ఏస్ వచ్చినప్పటినుంచి మన పడమటి ప్రాంతంలో రవాణా రూపమే మారిపోయింది. అంతకు ముందు ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి, వేరుశనగ, ఆముదాలు ఎద్దుల బండ్ల మీద, ట్రాక్టర్ల మీద వచ్చేవి. ఎద్దుల బండికి మైలేజి లేదు, గడ్డి లెక్క ఉండేది. ఆ తర్వాత టన్నూ, టన్నున్నర మోసే పికప్‌లు వచ్చాయి. మహీంద్రా బొలెరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తాయి. ఎకరా రెండెకరాల రైతు కూడా పది బోరేల పత్తిని ఫోను చేసి పంపించగలుగుతున్నాడు. మంచిదే. అయితే ఆ బండి కొన్న కుర్రవాడి సంగతి ఏమిటి?

మా ఎమ్మిగనూరులో మా వీధి కుర్రవాడొకడున్నాడు. వాళ్ళది మగ్గం ఇల్లు. 1938లో మాచాని సోమప్పగారు నేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. ఒకప్పుడు వీధి వీధంతా మగ్గం చప్పుడే. ఆ చప్పుడు తగ్గింది. ఈ అబ్బాయి తండ్రి తరువాత మగ్గం ఎక్కలేదు. తల్లి కమ్మలు, గాజులు తాకట్టు పెట్టి, మిగతాది అప్పు తీసుకొని పికప్ కొన్నాడు. కంతు నెలకు 14,800 రూపాయలు. అమ్మినవాళ్ళు లీటరుకు పదహారు ఇస్తుందని నోటిమాటగా చెప్పారట. అబ్బాయి ఆ పదహారు పట్టుకొనే బాడుగలు ఒప్పుకున్నాడు. ఆరో నెలకు రెండు కంతులు నిలిచాయి. రోజూ బండి తిరుగుతూనే ఉంది, డబ్బు మాత్రం కనిపించడం లేదు. ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చొని “తాతా, బండి రిపేరుందేమో, డీజిలు కారుతోందేమో” అన్నాడు.

“ఏమబ్బీ, ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోయించావు?” అని అడిగితే, “మొన్న రెండువేలకు పోయించాను తాతా” అన్నాడు. ఇదీ మన వాళ్ళ లెక్క. రూపాయల్లో పోయిస్తారు, రూపాయల్లో మరచిపోతారు.

నేను చేసిన ఉద్యోగం మీకు తెలిసిందే. తాలూకాఫీసులు ఉన్న రోజుల్లో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చాక కూడా అదే కుర్చీలో, అదే బీరువా పక్కన ఉన్నాను. ఆఫీసు జీపు లాగ్‌బుక్కు చాలా ఏళ్ళు నా చేతిలో ఉండేది. తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, మీటరు మొదట, మీటరు చివర, పోయించిన లీటర్లు, ప్రయాణ ప్రయోజనం, అధికారి సంతకం. నెలాఖరుకు మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించి సగటు వేయాలి. సగటు పడిపోతే ఆడిట్‌వారు ఎందుకని అడిగేవారు. డ్రైవర్లు గొణిగేవారు.

ఆ అనుభవంలో తెలిసిన విషయం ఒకటి ఇక్కడ మనవి చేస్తాను. ఏ లాగ్‌బుక్కులోనైనా ఆరు నెలలపాటు సగటు 8.00, 8.00, 8.00 అని ఉంటే అది బల్ల దగ్గర కూర్చొని రాసిన పుస్తకం. నిజంగా తిరిగిన బండి సగటు ఒక నెలలా ఇంకో నెల ఉండదు. వానలు, గుంతలు, లోడు, ఎండ, తోలేవాడు, అన్నీ అందులో పడతాయి. కాబట్టి ఎవరైనా “ఈ బండి ఇంత ఇస్తుంది” అని ఒక్క అంకె చెబితే, ఎక్కడ, ఎంత లోడుతో, ఎంత వేగంతో అని అడగాలి.

మరి కంపెనీవారి అంకె అబద్ధమా? కాదు. అది ఎలా వస్తుందో తెలుసుకుంటే సరిపోతుంది. మన దేశంలో పుణేలోని ఎ.ఆర్.ఎ.ఐ. వంటి సంస్థలు ఈ పరీక్షలు చేస్తాయి. బండిని రోడ్డు మీద తోలరు. గదిలో పెద్ద రోలర్ల మీద చక్రాలు నిలిపి, ఎదుట తెర మీద గీత ఎలా పోతే అలా వేగం పెంచుతూ తగ్గిస్తూ 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ, నడుపుతారు. ఎక్కువలో ఎక్కువ వేగం గంటకు 90 కిలోమీటర్లు. అన్ని కంపెనీల బండ్లనూ ఒకే కొలతతో చూడటానికి ఇది మంచి పద్ధతి. అయితే గమనించవలసింది బరువు. ఖాళీ బండి బరువుకు ఇద్దరు మనుషుల పాటి బరువు, 150 కిలోలు, కలిపి లెక్కవేస్తారు. పధ్నాలుగు క్వింటాళ్ళ ఉల్లిగడ్డలు ఆ లెక్కలో లేవు! కారు కొన్నవాడికి ఆ అంకెకూ రోడ్డుకూ తేడా కొంచెమే. లోడు మోయడానికే పుట్టిన బండికి ఆ తేడా చాలా పెద్దది.

ఇది మన దేశంలోనే ఉన్న తంటా కాదు. యూరప్‌లో 2021 నుంచి కొత్త కార్లలో నిజంగా ఖర్చయిన ఇంధనాన్ని నమోదుచేసే ఏర్పాటు పెట్టించారు. ఆ లెక్కలు చూసి 2024లో అక్కడి కమిషన్‌వారు చెప్పింది ఏమంటే, పెట్రోలు డీజిలు కార్లు పరీక్షలో కన్న రోడ్డు మీద సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయని. ఇక పికప్‌లకు పుట్టిల్లు అమెరికా. అక్కడ అమ్మే బండి అద్దం మీద మైలేజి చీటీ అతికించాలని చట్టం. అయితే లోడుతో కలిపి 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,850 కిలోలు, దాటే పెద్ద పికప్‌లకు ఆ చీటీ అక్కరలేదు. ఎక్కువ తాగే బండికే చీటీ లేదన్నమాట. మనం ఎవరిని చూసి నేర్చుకోవాలో అర్థం కాదు.

సరే, అబ్బాయి సంగతికి వస్తాను. ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి నా పాత పద్ధతిలోనే గడులు గీసి ఇచ్చాను. “ప్రయాణ ప్రయోజనం” అన్న గడి తీసేసి “లోడు – ఎన్ని క్వింటాళ్ళు” అని పెట్టాను. నియమాలు మూడే చెప్పాను. ఒకటి, ఎప్పుడూ ఒకే బంకులో, పంపు తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపాలి. రెండువేలకు, వెయ్యికి పోయించడం లేదు. రెండు, మీటరు చూసి లీటర్లతో సహా అక్కడే రాయాలి. మూడు, ఒక్క ట్యాంకు చూసి సంతోషించకూడదు, ఏడవకూడదు. ఇవికాక ఒక ఆదివారం కర్నూలు రోడ్డులో కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ మీటరు సరిగా చూపిస్తోందో లేదో సరిచూశాం. టైర్లు అరిగినా, సైజు మారినా మీటరు తప్పు చూపుతుంది. బండిలో తెర మీద కనబడే మైలేజి అంకెను అసలు రాయవద్దన్నాను. అది ఎప్పుడూ కాస్త తీపిగానే చెబుతుంది.

సంవత్సరం తిరిగేసరికి పుస్తకంలో తేలింది: మొత్తం 27,940 కిలోమీటర్లు, 2,371 లీటర్లు. సగటు 11.78. నెలల వారీగా చూస్తే 10.9 నుంచి 12.9 దాకా ఊగింది. బండిలో రిపేరు లేదు, డీజిలు కారడమూ లేదు. పదహారు ప్రకారమైతే 1,746 లీటర్లు చాలాలి. తేడా 625 లీటర్లు. లెక్క సులభంగా ఉండటానికి లీటరు వంద రూపాయలనుకోండి, 62,500 రూపాయలు. అతని కంతు 14,800. అంటే ఏడాదికి నాలుగు కంతులు ఆ పదహారు అన్న మాటలో పోయాయి. నిలిచిపోయిన కంతులు ఎక్కడున్నాయో ఆ రోజు తెలిసింది. వాళ్ళమ్మకు కూడా కూర్చోబెట్టి చెప్పాను. ఆమె చదువుకోలేదు గాని ఎన్ని గజాల బట్టకు ఎంత నూలు పడుతుందో ఆమెకు తెలుసు. “అమ్మినవాడు చెప్పిన నూలు లెక్క మీద ఎవరు నేస్తారయ్యా” అంది. నేను ఇరవై నిమిషాల్లో చెబుతున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

పుస్తకంలో మాకు వింతగా కనిపించినది పత్తి. ఉల్లిగడ్డలు పధ్నాలుగు క్వింటాళ్ళు ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్ల, కోడుమూరు మీదుగా కర్నూలుకు తీసుకుపోతే 11.5 చిల్లర వచ్చింది. పత్తి తొమ్మిది పది క్వింటాళ్ళే, ఆదోనికి ముప్పై కిలోమీటర్లే, అయినా 10.6 దాటలేదు. తేలిక లోడు ఎక్కువ తాగడమేమిటి? కుర్రవాడు కాటా మీద అనుమానపడ్డాడు. సంగతి ఏమంటే, పత్తి బోరేలు క్యాబిన్ మీద మనిషెత్తు లేస్తాయి. పైన పట్ట కట్టినా అంచులు కొట్టుకుంటూ ఉంటాయి. బండి గాలిని నెట్టుకుంటూ పోవాలి. గాలి అడ్డు వేగంతోపాటు మామూలుగా పెరగదు. వేగం ఒకటిన్నర రెట్లయితే అడ్డు రెండుంబావు రెట్లవుతుంది. యార్డులో వేలానికి ముందే చేరాలని ఇతను యాభైలో పోవలసిన బండిని డెబ్బైఅయిదులో తోలాడు. ఉల్లిగడ్డల లోడుతో అంత వేగం పోవడానికి భయం, అందుకే అక్కడ మైలేజి నిలిచింది. అదే పత్తిని యాభై, యాభైఅయిదు దాటకుండా తోలమన్నాను. పన్నెండు దగ్గరికి వచ్చింది. ముప్పై కిలోమీటర్ల దారిలో పన్నెండు నిమిషాలు ఆలస్యం, అంతే. పెట్రోలియం పొదుపు సంస్థ పి.సి.ఆర్.ఎ.వారు 45–55 మధ్య తోలమని ఏళ్ళ తరబడి ప్రకటనలు ఇచ్చారు. మనం పక్క పేజీ చదివాం.

ఆషాఢ మాసంలో ఇంకో వింత. ఖాళీ బండికే ఆదోని వైపు పోయేటప్పుడు ఒక సగటు, తిరిగి వచ్చేటప్పుడు ఒక సగటు. ఆ రోజుల్లో మన పడమటి గాలి సంగతి మీకు చెప్పాలా? గొడుగు తిరగబడే గాలికి ఎదురు పోయే బండి డీజిలు తాగక నీళ్ళు తాగుతుందా!

యార్డు రోజులు వేరే కథ. పంట ఎక్కువ వచ్చిన రోజుల్లో గేటు బయట వరుస. బండి రెండడుగులు కదులుతుంది, ఆగుతుంది. ఇంజను ఆపితే మళ్ళీ స్టార్టు చేయాలని బద్ధకం. ఊరికే తిరిగే డీజిలు ఇంజను ఈ సైజుది గంటకు అర లీటరు పైమాటే కాలుస్తుంది, కిలోమీటరు మాత్రం సున్నా. ఆ రోజుల సగటు తొమ్మిది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బి.ఎస్.-6 డీజిలు బండ్లలో పొగమసిని పట్టే జల్లెడ కూడా ఉంటుంది. ఊళ్ళో చిన్న చిన్న ట్రిప్పులే తిరిగితే అది మూసుకుపోతుంది. దాన్ని శుభ్రం చేసుకోవడానికి బండి మరికొంత డీజిలు కాల్చుకుంటుంది. దీపం వెలిగినప్పుడు పెద్ద రోడ్డు మీద కాసేపు ఆగకుండా తోలాలని ఈ కుర్రవాళ్ళకు చాలామందికి తెలియదు.

ఇక్కడ ఆర్.టి.సి. సోదరులు కూడా ఉన్నారు. 2020 జనవరి 1 నుంచి ఆ ఉద్యోగులు కూడా ప్రభుత్వోద్యోగులయ్యారు. డిపోలో డ్రైవరు పేరు ఎదురుగా కె.ఎం.పి.ఎల్. రాసే అలవాటు వారికి కొత్త కాదు. వారితో ఒక చిన్న తగాదా పెట్టుకుంటాను. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క కంటికి మోసం చేస్తుంది. పోయేటప్పుడు లోడుతో ముప్పై కిలోమీటర్లు పది చొప్పున, వచ్చేటప్పుడు ఖాళీగా ముప్పై కిలోమీటర్లు పదిహేను చొప్పున నడిచిందనుకోండి. సగటు ఎంత? పన్నెండున్నర అంటారు. కాదు. పోను మూడు లీటర్లు, రాను రెండు లీటర్లు. అరవైకి అయిదు లీటర్లు, పన్నెండు. అలాగే పదిహేను ఇచ్చే బండి పద్దెనిమిది ఇస్తే మూడు పెరిగిందని సంతోషం, పది ఇచ్చేది పన్నెండు ఇస్తే రెండే గదా అనిపిస్తుంది. వంద కిలోమీటర్లకు లెక్కవేయండి. మొదటిదానిలో మిగిలేది లీటరు పైన పదో వంతు, రెండోదానిలో లీటరూ ముప్పావుకు కొంచెం తక్కువ. తక్కువ మైలేజి ఉన్నచోట చేసే పొదుపే పెద్ద పొదుపు. అందుకే యూరప్ దేశాలలో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని రాస్తారు. అమెరికావారు కూడా 2013 మోడలు బండ్ల నుంచి చీటీ మీద వంద మైళ్ళకు ఎన్ని గ్యాలన్లో వేస్తున్నారు.

ఆ లెక్క నేర్చుకున్నాక అబ్బాయికి ఇంకో సంగతి తట్టింది, అది నేను చెప్పింది కాదు. “తాతా, ఐదు క్వింటాళ్ళు వేసుకొని పోతే పద్నాలుగు వస్తోంది, పదిహేను క్వింటాళ్ళకు పదకొండు. అయినా క్వింటాలుకు పడే డీజిలు సగం కూడా లేదు గదా” అన్నాడు. నిజమే. వంద కిలోమీటర్లకు మొదటిది క్వింటాలుకు లీటరున్నర దగ్గర, రెండోది ఆరు పదులు. మైలేజి మంచిదని ఖాళీగా తిరిగేవాడు మునుగుతాడు. బండిని తినేది లోడు కాదు, ఖాళీగా తిరిగి రావడం. పోను బాడుగలోనే రాను ఖర్చు కూడా పడాలి. అలాగని హద్దు మీరి నింపమని నేను అనలేదు. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయల నుంచి మొదలవుతుంది. బ్రేకు పడని బండికి మైలేజి ఎందుకు?

మన ప్రాంతం నుంచి సుగ్గికి పోయే కూలీలను మూటాముల్లెతో సరుకుల బండ్లలో ఎక్కించుకుపోవడం మీరంతా చూస్తున్నారు. తలకింత అని బాడుగ, తిరుగు ప్రయాణం కూడా గిట్టుబాటు. అబ్బాయి ఒకసారి అడిగాడు. ఆ లోడుకు గడి గీయడానికి నాకు చెయ్యి రాలేదు. అతనూ మళ్ళీ అడగలేదు.

కర్ణాటక డీజిలు మాట కూడా చెప్పి ముగిస్తాను. పెద్దహరివాణం దాటితే సరిహద్దు. పన్నుల తేడావల్ల అక్కడ లీటరు చౌక. లోడు అటు ఉంటే పోయించుకోవడం తెలివైన పనే. ఒట్టి డీజిలు కోసం పోయేవారి లెక్క చూడండి. లీటరుకు ఎనిమిది రూపాయలు తేడా అనుకుందాం, నలభై లీటర్లకు 320 మిగిలింది. పోను రాను అరవై కిలోమీటర్లు ఖాళీగా తిరిగితే నాలుగు లీటర్లు, దాదాపు నాలుగు వందలు. పొద్దంతా పోయిందన్నది లెక్కలో వేయలేదు.

పుస్తకంతో చివరికి ఏం జరిగిందని అడుగుతారు. ఆదోనిలో అతనికి ఎక్కువగా లోడు ఇచ్చే వ్యాపారులిద్దరి దగ్గరికి పుస్తకం తీసుకొని వెళ్ళాడు. ఒకాయన తిరగేసి చూసి, ట్రిప్పుకు నూట యాభై పెంచాడు. పైగా తిరుగు లోడుగా పత్తి గింజల పిండి బస్తాలు ఇప్పించాడు. రెండో ఆయన “లెక్కలు చెప్పే డ్రైవరు నాకొద్దు” అని లోడు వేరేవాడికి ఇచ్చాడు. ఆ వేరేవాడు ఇంకా పదహారు లెక్కమీదే తోలుతున్నాడని విన్నాను. అతని అప్పు కాగితం మీద సంతకం ఎవరిదో, మనలో ఒకరిదే అయి ఉండవచ్చు. మా అబ్బాయి నిలిచిన కంతులు తీర్చాడు. కమ్మలు విడిపించాడు. గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

గడులు గీసిన కాగితం ఒకటి కార్యదర్శిగారి దగ్గర ఉంచాను. జిరాక్సు రెండు రూపాయలు. మీ ఇంట్లో బండి తోలేవాడు ఉంటే తీసుకుపొండి. మొదటి నెల సగటు వేయడం చేతకాకపోతే మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు నేను ఎమ్మిగనూరులో ఇంటి అరుగు మీదే ఉంటాను.